చిత్రకళా విద్యార్థికి తొలి ఏటి ఉపదేశం

1925లో బంకురా పట్టణం నుండి పంతొమ్మిదేళ్ల యువకుడొకడు తాను వేసిన బొమ్మలను వెంటబెట్టుకొని శాంతినికేతనానికి వచ్చాడు. అతడు రామకింకర్ బైజ్. క్షురకవృత్తి కుటుంబంలో పుట్టి, ఊరిలో విగ్రహాలు చేసేవారి పని చూస్తూ మట్టిపని నేర్చి, నాటకాలకు తెరలు, జాతీయోద్యమ సభలకు నాయకుల రూపచిత్రాలు వేసి చేయి కుదుర్చుకున్నవాడు. 'ప్రవాసి' సంపాదకులు రామానంద చటర్జీ అతనిలోని శక్తిని గుర్తించి అక్కడికి వచ్చే మార్గం చూపారు. కళాభవన అధ్యక్షులు నందలాల్ బోస్ ఆ బొమ్మలు చూసి, ఇంత తెలిసినవాడికి ఇక్కడ నేర్పవలసినదేముందని ఆశ్చర్యపడి, సరే, రెండు మూడేళ్లు ఉండి చూడమన్నారని ప్రతీతి. ఆ రెండు మూడేళ్లు జీవితాంతం పూర్తికాలేదని రామకింకర్ తరువాతి కాలంలో నవ్వుతూ చెప్పుకునేవారు.

ఈ ఉదంతాన్ని సాధారణంగా గురువు ఔదార్యానికి నిదర్శనంగా చెబుతారు. నిజానికి ఇందులో అంతకంటె ముఖ్యమైన విషయమొకటి ఉన్నది. విద్యార్థికి ఏమి తెలియదో అన్నదాని కంటె ముందు అతడేమి తెచ్చుకున్నాడో గురువు చూశాడు. కళాశాలలో అడుగుపెట్టే విద్యార్థికి ఇవ్వవలసిన సలహా ఏదన్న ప్రశ్నకు గత నూటడెబ్బై ఏళ్లలో మన దేశపు కళావిద్యాలయాలు అనేక సమాధానాలు చెప్పాయి. రేఖ సాధన చేయమన్నారు, ప్రాచీన శిల్పాన్ని చూడమన్నారు, పాశ్చాత్యాన్ని మరువమన్నారు, ఆ తరువాత మరువవద్దన్నారు. ఈ సమాధానాలన్నిటి వెనుక పరస్పర విరుద్ధమైన రెండు ఊహలున్నాయి. విద్యార్థి ఖాళీ పలక అన్నది ఒకటి. అతడు ఇంటి నుండే కొంత చదువుకొని వచ్చాడన్నది రెండవది.

మొదటి ఊహ మీదనే మన తొలి కళాశాలలు వెలశాయి. 1850లో డాక్టర్ అలెగ్జాండర్ హంటర్ మద్రాసులో, ఆ తరువాత 1854లో కలకత్తాలో, 1857లో బొంబాయిలో ప్రారంభమైన పాఠశాలలకు లండన్ లోని సౌత్ కెన్సింగ్టన్ బోధనాక్రమం ఆదర్శమైంది. ఆ క్రమంలో ఇరవై మూడు మెట్లుండేవి. సరళరేఖలు, జ్యామితీయ రూపాలు, ప్లాస్టర్ పోతల్లోని అలంకారాలు, వాటి వెలుగునీడలు, ఇలా ఎక్కుతూ పోతే ఎప్పటికో మానవాకృతి వచ్చేది. గోదావరిగట్టునో, కావేరితీరాననో పుట్టిన పిల్లవాడు గ్రీకు ఆకు నమూనా పోతను ముందుంచుకొని నెలల తరబడి నీడలు దిద్దేవాడు. ఈ ఇరవై మూడు మెట్లలో విద్యార్థి పుట్టిన ఊరికి స్థానం లేదు. అయితే ఆ పద్ధతిని పూర్తిగా నిరసించడం చరిత్రకు న్యాయం కాదు. చేతికి క్రమశిక్షణ ఇచ్చింది. కొలతకు అలవాటు పడిన కన్ను నిచ్చింది. బొంబాయి పాఠశాలకు చెందిన జాన్ గ్రిఫిత్స్ 1872 నుండి తన విద్యార్థులను అజంతాకు తీసుకొనిపోయి, పది పన్నెండేళ్ల పాటు గుహాచిత్రాలకు ప్రతులు తీయించారు. ఆ ప్రతులలో అనేకం 1885లో లండన్ అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. ప్రతులు పోయినా, గుహ చీకటిలో నిలబడి పద్మపాణి కనుబొమ రేఖ ఎక్కడ ఎత్తుకొని ఎక్కడ దిగుతుందో చేతితో తెలుసుకున్న విద్యార్థుల చదువు మాత్రం కాలిపోలేదు. పాఠ్యక్రమం ఇవ్వలేని పాఠాన్ని ప్రయాణం ఇచ్చింది.

ఇదే బొంబాయి పాఠశాలకు 1916లో రాజమహేంద్రవరం నుండి దామెర్ల రామారావు వెళ్లారు. అక్కడి ప్రభుత్వ కళాశాల అధ్యక్షులు, స్వయంగా చిత్రకారులైన ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయనలోని రేఖాశక్తిని చూసి పంపించారు. రామారావు ఆ పాఠశాలలో పాశ్చాత్య పద్ధతిలో శరీరనిర్మాణ పరిజ్ఞానాన్ని సంపాదించారు. చదువు ముగిశాక దేశం నలుమూలలా తిరిగి రేఖాచిత్రాలు వేసుకున్నారు. అంతటితో ఆగక తన ఊరికి తిరిగివచ్చి అక్కడే చిత్రకళాశాలను నెలకొల్పారు. 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచికానికి బలియైన ఈ చిత్రకారుని 'సిద్ధార్థ రాగోదయం' వంటి చిత్రాలను పరిశీలించినట్లయితే, ఆకృతుల నిర్మాణంలో బొంబాయి శిక్షణ, ఆ ఆకృతుల నిలకడలో, చీరకట్టులో, మందగమనంలో గోదావరి సీమ ఏకకాలంలో కనిపిస్తాయి. ఒకదానిని పొందడానికి రెండవదానిని వదలుకోలేదు. ఆయన మరణానంతరం సహచరులు వరదా వెంకటరత్నం ఆ శిక్షణను కొనసాగించారు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే కావడం ఆ ఇంట కళావిద్య ఎట్లా సాగిందో తెలుపుతుంది.

కలకత్తాలో మాత్రం ఎదురుగాలి బలంగా వీచింది. 1896లో అక్కడి పాఠశాల బాధ్యతలు చేపట్టిన ఇ.బి. హావెల్ ఐరోపా చిత్రాల ప్రతులను, పోతవిగ్రహాలను తొలగించి మొగలు చిత్రాలకు చోటిచ్చినపుడు విద్యార్థులే వ్యతిరేకించారు. ఇది నేడు వింతగా తోచవచ్చు. తమ చదువులోని విలువైన భాగాన్ని తమకు కాకుండా చేస్తున్నారని వారి అనుమానం. స్వదేశీయతను పైనుండి ఉత్తర్వుగా ఇచ్చినా విద్యార్థికి అది ఉత్తర్వుగానే తోస్తుందనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు. హావెల్ కు తోడుగా నిలిచిన అవనీంద్రనాథ ఠాకూర్ ఈ ప్రమాదాన్ని గ్రహించారనుకోవాలి. భారతీయ శిల్పంలో అంగప్రమాణాలను వివరిస్తూ ఆయన రచించిన చిన్న గ్రంథం 1914లో సుకుమార్ రాయ్ ఆంగ్లానువాదంగా వెలువడింది. తాళమానాలను, చేప వంటి కన్నులను, ఏనుగు తొండం వంటి భుజాలను బొమ్మలతో సహా వివరించిన ఆ పుస్తకం తొలి పుటలలోనే, ఈ నియమాలను సంకెళ్లుగా భావించవద్దని విద్యార్థిని హెచ్చరిస్తుంది. నియమావళి రాసిన చేతితోనే ఆ నియమావళికి హద్దు గీయడం ఉపదేశ సాహిత్యంలో అరుదు. దురదృష్టవశాత్తు పుస్తకంలోని ప్రమాణాలను తరువాతివారు విరివిగా వాడుకున్నారు, ముందున్న హెచ్చరికను అంతగా చదివినట్లు లేదు.

1919లో ప్రారంభమైన శాంతినికేతన కళాభవనంలో నందలాల్ బోస్ ఆ హెచ్చరికకు ఆచరణరూపం ఇచ్చారు. అక్కడ తొలినాళ్లలో పరీక్షలు లేవు. ఇరవై మూడు మెట్లు లేవు. నందలాల్ చేతిలో ఎప్పుడూ చిన్న అట్టముక్కలుండేవి. నడుస్తూ ఆగి, మేకనో, తాళవృక్షాన్నో, బరువెత్తుతున్న సంతాల్ స్త్రీనో నాలుగు గీతలలో పట్టుకునేవారు. శిష్యులకు రాసే ఉత్తరాలు సైతం చాలాసార్లు బొమ్మవేసిన పోస్టుకార్డులే. విద్యార్థికి ఆయన ఇచ్చిన సలహాను ఒక్క మాటలో చెప్పవలసివస్తే, బయటికి వెళ్లి చూడుమన్నదే. అయితే ఆ చూపు ప్రకృతిని యథాతథంగా నకలు చేసే చూపు కాదు. చెట్టు వంగిన తీరులో దాని ప్రాణలయను పట్టుకునే చూపు. ఆయన వంగభాషలో వెలువరించిన 'శిల్పచర్చ' ఈ దృష్టితో చదువదగిన గ్రంథం. నందలాల్ కళారచనలకు శిష్యులైన కె.జి. సుబ్రమణ్యన్ చేసిన ఆంగ్లానువాదాన్ని విశ్వభారతి 1999లో ప్రచురించింది. రంగు నూరడం, కుంచె పట్టడం, గోడను సిద్ధం చేయడం వంటి పనివిషయాలూ, లయ, రసం, సౌందర్యం వంటి తాత్విక విషయాలూ అందులో ఒకే గొంతుతో చెప్పబడ్డాయి. వంటయింటి మాట, పూజగది మాట వేరుచేయని గృహిణి సంభాషణ వంటిదది. నేటి పాఠ్యప్రణాళికలలో 'ప్రాక్టికల్', 'థియరీ' అని రెండు గదులుగా విడిపోయిన చదువుకు ఆ పుస్తకం మౌనంగా అభ్యంతరం చెబుతున్నట్లుంటుంది.

1938లో హరిపుర కాంగ్రెసు మహాసభకు గాంధీజీ కోరికపై నందలాల్ రూపొందించిన చిత్రాలు ఈ బోధనకు బహిరంగ పరీక్ష వంటివి. చేతితో చేసిన కాగితం, మట్టిరంగులు, వేగంగా సాగిన లావుపాటి రేఖ, విషయంగా కమ్మరి, దర్జీ, డోలు వాయించేవాడు, దంపుడు దంచే స్త్రీ. సభకు వచ్చిన రైతు వాటి ముందు నిలబడి తనను తాను గుర్తుపట్టగలిగాడు. అటుపిమ్మట భారత రాజ్యాంగ ప్రతిని అలంకరించే పని వచ్చినపుడు నందలాల్ తన శిష్యులను ఆ పనిలో భాగస్వాములను చేశారు. విద్యార్థికి నిజమైన పని అప్పగించడం కూడా ఒక రకమైన ఉపదేశమే. మన కళాశాలలు దీనిని మాత్రం అంతగా అనుసరించలేదు. ప్రభుత్వ భవనాల గోడలు ఖాళీగా ఉన్న చోటుకు కూతవేటు దూరంలోనే విద్యార్థులు కాగితం మీద 'కుడ్యచిత్రాల' నమూనాలు వేసి మార్కులు తెచ్చుకోవడం చాలా ఊళ్లలో కనిపించే దృశ్యం.

కళాభవనానికే చెందిన మరొక విద్యార్థి కథను ఇక్కడ విస్మరించరాదు. వినోద్ బిహారీ ముఖర్జీకి పుట్టుకతోనే ఒక కన్ను కనిపించదు, రెండవదానికి చూపు మందం. ఇట్టివానికి చిత్రలేఖనం నేర్పడం సమంజసమా అన్న సందేహం ఉపాధ్యాయులకు కలిగింది. విద్యార్థికి ఆసక్తి ఉంటే చేరనివ్వండి, అతని దారి అతడే వెదుక్కుంటాడన్నది రవీంద్రుని అభిప్రాయం. అలా చేరినవాడు హిందీభవన గోడలపై మధ్యయుగ భక్తకవుల జీవితాలను నదీప్రవాహంలా చిత్రించి, ఆధునిక భారతీయ కుడ్యచిత్రాలలో అగ్రగణ్యమైన రచనను 1947 నాటికి పూర్తిచేశారు. దశాబ్దం తరువాత శస్త్రచికిత్స విఫలమై పూర్తిగా చూపు కోల్పోయినా కాగితం కత్తిరింపులతో, పెంకుల కుడ్యచిత్రంతో పని కొనసాగించారు. కళాభవనంలో ఆయన శిష్యుడైన సత్యజిత్ రాయ్ 1972లో ఆయనపై ఒక డాక్యుమెంటరీ తీశారు. ఆ రాయ్ 1940లో కళాభవనంలో చేరి, 1942లో చదువు పూర్తికాకుండానే వెళ్లిపోయినవారు. కళాశాలను మధ్యలో వదలివెళ్లినవారి పట్ల మన సమాజానికి ఉన్న చిన్నచూపు ఆయన విషయంలో ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ప్రవేశపరీక్షలు రూపొందించే అధికారులకు ఈ ఇద్దరి ఉదాహరణలు ఇబ్బందికరమైనవే. కొలవదగిన అర్హతను మాత్రమే అడిగే పరీక్షలో వినోద్ బిహారీకి ప్రవేశం దొరికి ఉండేది కాదు.

శాంతినికేతన మార్గంలో లోపాలు లేవా? ఉన్నాయి, అవి చిన్నవి కావు. ఆ ఉద్యమపు ఉపదేశం ఒక చోటి నుండి మరొక చోటికి ప్రయాణించేటపుడు చూపు వెనుకబడిపోయి, శైలి ముందు నడిచింది. పలుచని నీటిరంగు మీద మళ్లీ మళ్లీ కడిగి, మంచు కప్పినట్లు మసకగా చూపే 'వాష్' పద్ధతి వంగదేశపు వర్షాకాల వాతావరణంలో పుట్టింది. అది జాతీయతకు గుర్తుగా దేశమంతటా పాకింది. బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు ప్రమోద్ కుమార్ చటోపాధ్యాయ గురువుగా రావడం ఆంధ్రదేశంలో నవ్యచిత్రకళకు గొప్ప మేలు చేసింది. అడివి బాపిరాజు వంటివారు ఆ నీడలో పెరిగి, కథలోనూ బొమ్మలోనూ తమదైన ముద్ర వేశారు. కాని అంతటి ప్రతిభ లేని అనేకుల చేతిలో అదే పద్ధతి వాలుకన్నులు, నీరసమైన వేళ్లు, పొగమంచు నేపథ్యాలుగా మిగిలిపోయింది. అమృతా షేర్గిల్ 1930లలో వంగీయ చిత్రకళపై చేసిన కటువైన విమర్శ కొంత అతిశయోక్తితో కూడినదే అయినా, ఈ అనుకరణ విషయంలో న్యాయమైనది. నాలుగు వందల ఏళ్లుగా అద్దకపు గుడ్డలకు దేశవిదేశాలలో పేరెన్నికగన్న రేవు బందరు. ఎండకు మెరిసే మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం ఆ నేల రంగులు. అట్టి చోట విద్యార్థి కంటికి మబ్బు పట్టించడం చరిత్రలోని చిన్న విడ్డూరం. శాంతినికేతనం నుండి చూపును మాత్రమే తెచ్చుకున్నవారు లేకపోలేదు. ఓరుగల్లు సీమకు చెందిన కొండపల్లి శేషగిరిరావు అక్కడ చదివి, హైదరాబాదుకు తిరిగివచ్చి బోధకులై, కాకతీయ శిల్పం ముందు కూర్చొని దాని రేఖను అధ్యయనం చేశారు.

కళాశాల అన్న పేరు లేని చోట కూడా తొలి ఏటి పాఠం ఉన్నది. శ్రీకాళహస్తిలో కలంకారీ క్షీణదశకు చేరినపుడు, కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో 1950ల చివర అక్కడ శిక్షణకేంద్రం ఏర్పడింది. ఆ పనిలో చేరిన అభ్యాసకుడు మొదట బొమ్మ వేయడు. గుడ్డను తడిపి గంజి వదిలిస్తాడు. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీటిలో ముంచి ఎండబెడతాడు. పాలు లేకుంటే గీసిన గీత గుడ్డపై పాకిపోతుందని వేళ్లతోనే తెలుసుకుంటాడు. చింతపుల్లలు కాల్చి బొగ్గు చేసుకుంటాడు. తుప్పుపట్టిన ఇనుపముక్కలను బెల్లపునీటిలో రోజుల తరబడి పులియబెట్టి నలుపు తీస్తాడు. వెదురుపుల్లకు ఉన్ని చుట్టి కలం కట్టుకుంటాడు. ఆ ద్రవంలో కలం ముంచి గీస్తే మొదట మందంగా కనిపించిన గీత, కరక్కాయ వగరు తగిలి క్షణాలలో నల్లబడుతుంది. దిద్దుకోవడానికి వీలులేదు. రేఖ ఎందుకు తొట్రుపడకూడదో అభ్యాసకునికి ఉపన్యాసం చెప్పవలసిన అవసరమే ఉండదు. దీనిని నగర కళాశాల విద్యార్థి విహారయాత్రలో ఒక పూట చూసి, ఛాయాచిత్రం తీసుకొని వస్తున్నాడు. ఒక నెల అక్కడ కూర్చుంటే అతనికి కలిగే లాభం తరగతిగదిలో ఒక ఏడాదికి తక్కువ కాదు. ఇది 'హస్తకళ' కనుక తక్కువది, అది 'లలితకళ' కనుక ఎక్కువది అన్న విభజన వలసపాలన నాటి పరిపాలనా సౌలభ్యమే తప్ప మన సంప్రదాయంలోనిది కాదు. చిత్రం తెలియాలంటే నృత్తం తెలియాలి, నృత్తానికి వాద్యం, వాద్యానికి గానం తెలియాలని విష్ణుధర్మోత్తర పురాణంలో మార్కండేయుడు వజ్రునికి చేసిన బోధ కళావిద్యాశాఖల సరిహద్దులను ఏనాడో చెరిపివేసింది.

సుబ్రమణ్యన్ వంటి శాంతినికేతన శిష్యుల ద్వారా ఈ దృష్టి బరోడాకు చేరింది. 1950లో ప్రారంభమైన బరోడా లలితకళల విభాగం కళాచరిత్రను, ఆచరణను ఒకే కప్పు కింద ఉంచింది. ఉపాధ్యాయులూ విద్యార్థులూ కలిసి బొమ్మలు, ఆటవస్తువులు చేసి జనానికి అమ్మే కళామేళాలు అక్కడ జరిగాయి. 1963లో మెదక్ జిల్లా నిజాంపురానికి చెందిన లక్ష్మాగౌడ్ హైదరాబాదు చదువు ముగించుకొని అక్కడికి వెళ్లారు. కుడ్యచిత్రం, ముద్రణచిత్రం నేర్చారు. విచిత్రమేమంటే, రాగిరేకు మీద సూదితో గీసే ఆ పరాయి పరికరం ఆయనను తిరిగి సొంతవూరికి చేర్చింది. మేకలు, ముళ్లచెట్లు, మట్టిగోడలు, సిగ్గు ఎరుగని గ్రామీణ దేహాలు ఆ రేఖలో ప్రాణం పోసుకున్నాయి. కరీంనగర్ జిల్లా బూరుగుపల్లి నుండి వచ్చిన తోట వైకుంఠం కథ మరొక విధమైనది. ఆయనా బరోడాలో సుబ్రమణ్యన్ వద్ద చదివినవారే. అయితే నేడు ఎక్కడ చూసినా గుర్తుపట్టగల ఆ నల్లని తెలంగాణ స్త్రీలు, పెద్ద బొట్టు, ముక్కుపుడక, ఎర్రచీర, చదువు ముగిసిన చాలా ఏళ్లకు, నడివయసులో కుదిరాయి. నడుమ బి. నర్సింగరావు చిత్రం 'దాసి'కి కళాదర్శకత్వం వహించి జాతీయ పురస్కారం పొందారు. మొదటి సంవత్సరపు విద్యార్థి 'నా శైలి ఏది' అని తహతహలాడడం సహజమే. ఆ తొందరను గురువులు కూడా ప్రోత్సహించడం సబబు కాదు. శైలి లేని ఏళ్లు వృథా పోయిన ఏళ్లు కావని వైకుంఠం జీవితం చెబుతున్నది. మరొక అపాయం కూడా చెప్పుకోవాలి. ఆయన స్త్రీలకు ఆదరణ లభించాక, బూరుగుపల్లిని ఎన్నడూ చూడనివారు సైతం అవే బొట్లు, అవే ముక్కుపుడకలు వేయసాగారు. వంగీయ మంచుతెర స్థానంలో ఎర్రచీర వచ్చింది, అంతే.

బతుకుతెరువు మాట లేకుండా విద్యార్థికి చేసే ఉపదేశం సగమే. 'బొమ్మలు వేస్తే తిండి పెడతాయా' అని అడిగే తండ్రి మూర్ఖుడు కాడు. ఆయన ప్రశ్నకు మద్రాసు కళాశాల ఒక సమాధానం చెప్పింది. అధ్యక్షులు కె.సి.ఎస్. పణిక్కర్ చొరవతో శిష్యులు, సహచరులు సంఘంగా ఏర్పడి బాతిక్ గుడ్డలు, చేతివస్తువులు చేసి అమ్మారు. ఆ రాబడితో నగరానికి దక్షిణాన సముద్రతీరంలో ఇసుకనేల కొని, 1966లో చోళమండల కళాగ్రామాన్ని నిర్మించుకున్నారు. పగలు గుడ్డకు మైనం అద్దిన చేయి తరువాత కాన్వాసు మీద ఎవరి ఇష్టాయిష్టాలకూ లోబడనవసరం లేకపోయింది. గుడ్డ అమ్మడం వలన చిత్రం అమ్ముడుపోయే తీరవలసిన అగత్యం తప్పింది. కళను పోషించేవాడు ప్రభువో, ప్రభుత్వమో, వ్యాపారో కావాలన్న ఊహకు ఇది భిన్నమైన మార్గం. అకాడమీల ఉపకారవేతనాలు ఎంత అవసరమో, ఈ స్వయంపోషణ చరిత్రను తొలి ఏడే విద్యార్థికి చెప్పడం అంత అవసరం.

చివరకు భాష. చిన్న ఊరి నుండి తెలుగులో చదివి హైదరాబాదుకో, విశాఖకో వచ్చే విద్యార్థికి కళాచరిత్ర పుస్తకం ఆంగ్లంలో ఎదురవుతుంది. 'కాంపొజిషన్', 'టోన్', 'పర్స్పెక్టివ్' అన్న మాటలు నోటికి వస్తాయి గాని, తన మేనమామ గుడ్డ మీద, గోడ మీద, చెక్క మీద చేసే పనికి ఆ మాటలతో సంబంధముందని అతనికి ఎవరూ చెప్పరు. తాను తెచ్చుకున్నది ఇక్కడ చెల్లదని నిశ్శబ్దంగా నిర్ణయించుకొని తరగతిలో వెనుక వరుసకు జరుగుతాడు. ఈ నష్టాన్ని తగ్గించడానికి తుమ్మపూడిలో కూర్చొని సంజీవదేవ్ జీవితకాలం పాటు వ్యాసాలు, లేఖలు రాశారు. చిత్రాన్ని గురించి తెలుగు వాక్యం ఎంత సునాయాసంగా నడవగలదో చూపారు. అయితే అవి రసజ్ఞునికి ఉద్దేశించినవి, పనివానికి కాదు. నందలాల్ 'శిల్పచర్చ' వంటి చేతిపుస్తకం మన విద్యార్థి చేతిలో తెలుగులో ఉండాలి. అందులో అమరావతి పలకల వద్ద, లేపాక్షి కప్పు కింద, రామప్ప స్తంభాల ముందు ఎంతసేపు కూర్చోవాలో, ఏ వెలుగులో చూడాలో ఉండాలి. నిర్మల్ కొయ్యబొమ్మకు వేసే తొలిపూత ఎందుకు, తోలుబొమ్మకు రంగు రెండువైపులా ఎందుకు అన్నది ఉండాలి. చింతబొగ్గు కాల్చే విధానం ఉండాలి, రాగిరేకు మీద ఆమ్లం ఎంతసేపు ఉంచాలో కూడా ఉండాలి. అటువంటి పుస్తకాన్ని రాయగలవారు కళాశాలల్లోనూ ఉన్నారు, పెడనలోనూ, శ్రీకాళహస్తిలోనూ, నిమ్మలకుంటలోనూ ఉన్నారు. వారిని ఒక బల్ల చుట్టూ కూర్చోబెట్టే పని అకాడమీలకు అసాధ్యమైనదేమీ కాదు.